పరదేశంలో యోగ విద్యార్థి: రోజును కుదుర్చుకోవడం ఎలా

యోగాభ్యాసం కోసం వేరే దేశానికి వెళ్లేవారు ఏ గురువు దగ్గర చేరాలి, ఏ పద్ధతి నేర్చుకోవాలి, ఎంత ఖర్చవుతుంది అన్న సంగతులను నెలల తరబడి ఆరా తీస్తారు. మ్యాట్ మీద లేని సమయం ఎలా గడుస్తుందన్న ప్రశ్న మాత్రం అక్కడ దిగేదాకా తట్టదు. నేనూ అలాగే వెళ్లాను. మొదటి నెలలో నన్ను ఇబ్బంది పెట్టినవి రాని నిద్ర, ఆరని బట్టలు, బ్యాంకు పంపే ఓటీపీ, పక్కగది తలుపు చప్పుడు, ఏ వేళకు తినాలో తేలకపోవడం. ఇవి ఒక కొలిక్కి వచ్చాక శరీరం తనంతట తానే పాఠానికి లొంగింది. అందుకే ఇక్కడ ఆసనాల గురించి తక్కువగా, రోజులో మిగిలిన గంటల గురించి ఎక్కువగా రాస్తున్నాను.

బయలుదేరక ముందే తేల్చుకోవలసినవి

పర్యాటక వీసా మీద వెళ్లి చదువుకోవచ్చా, లేదా అన్నది మొట్టమొదటి ప్రశ్న. కొన్ని దేశాలు కొద్ది వారాల కోర్సుకు అనుమతిస్తాయి, కొన్ని విద్యార్థి వీసా తప్పనిసరి అంటాయి, వీసా రకం మార్చుకోవాలంటే దేశం విడిచి వెళ్లి రావలసిన చోట్లూ ఉన్నాయి. చేరబోయే పాఠశాల వారు “ఏం పరవాలేదు, అందరూ అలాగే వస్తున్నారు” అంటే ఆ మాటతో సరిపెట్టుకోకుండా ఆ దేశ రాయబార కార్యాలయం ప్రకటించిన నిబంధనను మీరే చదువుకోండి, ఎందుకంటే గడువు దాటితే జరిమానా కట్టవలసింది విద్యార్థే. చాలా దేశాలు పాస్‌పోర్టుకు ఇంకా కనీసం 6 నెలల గడువు మిగిలి ఉండాలని అడుగుతాయి. చేరిన కొద్ది రోజుల్లోగా ఉంటున్న చిరునామాను స్థానిక కార్యాలయంలో నమోదు చేయించుకోవాలన్న నియమం కూడా కొన్నిచోట్ల ఉంది, అక్కడ అద్దె ఒప్పంద పత్రం లేనిదే ఆ పని జరగదు.

ఓటీపీ సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గానీ దానివల్ల పడే అవస్థ చిన్నది కాదు. బ్యాంకు ఖాతా, కార్డు, ఈమెయిలు అన్నీ స్వదేశపు ఫోన్ నెంబరుకే ముడిపడి ఉంటాయి. విమానం దిగగానే కొత్త సిమ్ వేసుకుని పాతదాన్ని తీసి సంచిలో పడేస్తే, గది అద్దె కట్టే సమయానికి ఆ ఆరంకెల సందేశం ఎక్కడికీ చేరదు. నేను పాత సిమ్‌ను రోమింగ్ లేకుండా తీసుకువెళ్లి, వారం రోజులపాటు ఒక సహాధ్యాయి దగ్గర అప్పు తీసుకుని గడిపాను. రెండు సిమ్‌లు పట్టే ఫోన్ ఉంటే, బయలుదేరకముందే పాత నెంబరుకు కనీసం సందేశాలు అందేలా రోమింగ్ పెట్టించుకుని, వీలైన చోట ఓటీపీకి బదులుగా యాప్ ద్వారా ధ్రువీకరించే పద్ధతికి మారడం మేలు. కార్డులు రెండు ఉండాలి, రెండూ ఒకే పర్సులో ఉండకూడదు. అక్కడి దుకాణంలోనో ఏటీఎంలోనో మీ స్వదేశపు కరెన్సీలో చెల్లిస్తారా, స్థానిక కరెన్సీలోనా అని యంత్రం అడిగినప్పుడు స్థానిక కరెన్సీనే ఎంచుకోండి. స్వదేశపు కరెన్సీని ఎంచుకుంటే మారకపు రేటును ఆ యంత్రం వారే నిర్ణయిస్తారు, అది సాధారణంగా మనకు నష్టమే.

రోజూ వేసుకునే మందులుంటే, డాక్టరు చీటీతోపాటు, అసలు ప్యాకింగులోనే తీసుకువెళ్లాలి. ఒక దేశంలో చీటీ లేకుండా దొరికే మందు మరో దేశంలో నిషిద్ధమై ఉండవచ్చు. ఆరోగ్య బీమా తీసుకునేటప్పుడు శిక్షణలో తగిలే దెబ్బలకు అది వర్తిస్తుందో లేదో పాలసీలోని మినహాయింపుల పేజీలో చూసుకోండి. ఆ పేజీ ఎవరూ చదవరు, చదవవలసింది అదొక్కటే.

పద్ధతిని బట్టి దినచర్య

అన్ని యోగ పాఠశాలల్లోనూ రోజు ఒకలాగే గడుస్తుందనుకోవడం పొరపాటు. ఒకే గురువు, తిరుమలై కృష్ణమాచార్య దగ్గర యోగం నేర్చుకున్న పట్టాభి జోయిస్, బి.కె.ఎస్. అయ్యంగార్ ఇద్దరి పద్ధతుల్లోనే ఎంతో తేడా ఉంది. జోయిస్ నేర్పిన అష్టాంగ విన్యాసంలో వారానికి 6 రోజులు వేకువనే అభ్యాసం ఉంటుంది, పౌర్ణమికీ అమావాస్యకూ సెలవు, ఒక ఆసనం కుదిరాకే గురువు తరువాతిది ఇస్తారు. అయ్యంగార్ పద్ధతిలో దుప్పట్లు, బెల్టులు, ఇటుకల్లాంటి బ్లాకులు, కుర్చీల సాయంతో ఒక్కొక్క భంగిమలో ఎక్కువసేపు నిలుస్తారు. వేడి గదిలో చేసే బిక్రమ్ తరగతి 90 నిమిషాలు సాగుతుంది, అందులో 26 ఆసనాలూ 2 శ్వాస అభ్యాసాలూ ఉంటాయి, గది ఉష్ణోగ్రత దాదాపు 40 డిగ్రీల సెల్సియస్. శివానంద ఆశ్రమాల్లో ఉదయం 5:30కి గంట మోగుతుంది, రోజుకు రెండు భోజనాలే ఉంటాయి, ఆశ్రమం పనిలో అందరూ పాలుపంచుకుంటారు.

వీటిలో మొదటిదాన్ని ఎంచుకున్నవారికి మధ్యాహ్నాలు ఖాళీగా మిగిలి, ఆ ఖాళీతో ఏం చేయాలో తోచక ఇబ్బంది కలుగుతుంది. ఆశ్రమంలో ఉన్నవారికి దీనికి విరుద్ధంగా బట్టలు ఉతుక్కోవడానికి కూడా తీరిక దొరకదు. ఉపాధ్యాయ శిక్షణకు వెళ్లేవారు ఒక లెక్క వేసుకోవాలి. 1999లో అమెరికాలో ఏర్పడిన యోగా అలయన్స్ అనే యోగ ఉపాధ్యాయుల సంస్థలో నమోదుకు 200 గంటల శిక్షణ ప్రాథమిక స్థాయి. దాన్ని నాలుగు వారాల్లో, వారానికి 6 రోజుల చొప్పున పూర్తిచేయాలంటే రోజుకు 8 గంటల పైమాటే. అలాంటి నెలలో ఊరు చూడాలని, భాష నేర్చుకోవాలని, దూరం నుంచి ఉద్యోగం కూడా చేయాలని పెట్టుకుంటే ఏదీ తెమలదు. ఆ సంస్థలో నమోదు ప్రభుత్వం ఇచ్చే లైసెన్సు కాదన్న సంగతిని కూడా ఫీజు కట్టకముందే గుర్తుంచుకోవాలి.

గది

స్వాత్మారాముడు పదిహేనవ శతాబ్దంలో రచించినట్టు చెప్పే హఠయోగ ప్రదీపిక అనే సంస్కృత గ్రంథంలో, సాధకుడి గది ఎలా ఉండాలో మొదటి ఉపదేశంలోనే, అంటే మొదటి అధ్యాయంలోనే ఉంది. పాలన సవ్యంగా ఉన్న దేశంలో, తిండికి కొదవ లేని, ఉపద్రవాలు లేని చోట, చిన్న తలుపుతో, కన్నాలూ (కిటికీలు కూడా) గుంతలూ లేకుండా, మరీ ఎత్తూ మరీ పల్లమూ కాకుండా, శుభ్రంగా, పురుగూ పుట్రా లేకుండా ఉండాలంటుంది. కిటికీ వద్దన్న ఒక్క మాటను పక్కన పెడితే అద్దె గది వెతికేవారికి ఇంతకన్నా మంచి జాబితా నాకు కనిపించలేదు.

ఈ జాబితాకు ఇప్పటి అవసరాలను కొన్ని చేర్చుకోవాలి. వేకువజామున బస్సులూ రైళ్లూ నడవని ఊళ్లు చాలా ఉన్నాయి కాబట్టి గది పాఠశాలకు నడిచి వెళ్లేంత దూరంలో, పావుగంట లోపు ఉండటం అద్దె తక్కువగా ఉండటంకన్నా ముఖ్యం. మామూలు మ్యాట్ 183 సెంటీమీటర్ల పొడవు, 61 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. చేతులు చాచి పడుకోవాలంటే దాని చుట్టూ మరికొంత స్థలం కావాలి. గది చూడటానికి వెళ్లినప్పుడు సిగ్గుపడకుండా నేలమీద వెల్లకిలా పడుకుని చేతులు రెండు పక్కలకూ చాచి, తరువాత తలపైకి చాచి చూడండి. నేను అలా పడుకున్నప్పుడు ఇంటి యజమానురాలు కంగారుపడి నీళ్లు తెచ్చారు, అయినా గోడకూ మంచానికీ మధ్య నా చేతులు పట్టవని అప్పుడే తెలిసింది. పగలు ప్రశాంతంగా ఉన్న వీధి రాత్రి తొమ్మిది తరువాత ఎలా ఉంటుందో ఒకసారి వెళ్లి వినాలి. తడిబట్టలు ఆరవేసే చోటు ఉందా, పొద్దున్నే వేడినీళ్లు వస్తాయా, కింది అంతస్తులో ఎవరుంటున్నారు అన్నవి అడగాలి. విన్యాసంలో వెనక్కి గెంతే ప్రతి గెంతూ కింది ఇంటివారి కప్పు మీద సుత్తి దెబ్బలా వినిపిస్తుంది. గెంతడానికి బదులు అడుగు వెనక్కి వేయడం అలవాటు చేసుకుంటే వారి నిద్రకూ మీ మణికట్టుకూ మంచిది. మూడు నెలల అద్దె ఒకేసారి ముందుగా కట్టకుండా మొదట రెండు వారాలకే మాట్లాడుకోండి.

మొదటి పది రోజులు

శరీరంలోని గడియారం కొత్త వేళకు రోజుకు సుమారు ఒక గంట చొప్పున సర్దుకుంటుంది, తూర్పుకు చేసే ప్రయాణం పడమరకు చేసేదానికన్నా కష్టంగా ఉంటుంది. అంటే ఏడెనిమిది గంటల తేడా ఉన్న దేశానికి వెళ్లినవారికి వారం పైగానే పడుతుంది. తరగతులు సోమవారం మొదలవుతాయంటే ఆదివారం రాత్రి దిగడం తెలివైన పని కాదు, మూడు నాలుగు రోజులైనా ముందే చేరాలి. పగటి వెలుగులో బయట నడవడం ఈ సర్దుబాటుకు అన్నిటికన్నా ఎక్కువ తోడ్పడుతుంది. మధ్యాహ్నం కళ్లు మూతలు పడుతుంటే అరగంటకు మించకుండా అలారం పెట్టుకుని పడుకోవాలి, మూడు గంటలు పడుకుంటే ఆ రాత్రి పాడవుతుంది.

దినచర్యను పొద్దుటి నుంచి కాకుండా సాయంత్రం నుంచి కట్టుకోవాలన్నది నాకు ఆలస్యంగా అర్థమైంది. ఉదయం 6 గంటలకు తరగతి ఉందనుకుంటే, కాలకృత్యాలకూ స్నానానికీ నడకకూ కలిపి 4:45కి లేవాలి. ఏడున్నర గంటల నిద్ర కావాలంటే 9:15కి కన్ను మూయాలి. తిన్నది అరిగి పడుకోవాలంటే రాత్రి భోజనం 6:30కి ముగియాలి. దానికి వంట 5:30కి మొదలవ్వాలి, కూరగాయలు అంతకుముందే తెచ్చుకోవాలి. ఇలా వెనక్కి లెక్కపెట్టుకుంటూ వస్తే సాయంత్రం ఐదు తరువాత ఊరు తిరగడానికి ఎంత సమయం ఉందో తేలిపోతుంది, దాదాపుగా ఉండదు. ఈ లెక్క నచ్చనివారు ఉదయం 9 గంటల తరగతి ఉన్న పాఠశాలను వెతుక్కోవడం ఉత్తమం. బ్రాహ్మీ ముహూర్తంలో నిద్రమత్తుతో ఊగుతూ చేసే అభ్యాసంకన్నా, నిద్ర చాలిన శరీరంతో పొద్దెక్కాక చేసేది వెయ్యి రెట్లు నయం.

ఈ పది రోజుల్లో అభ్యాసం సగానికి తగ్గించాలి, మానకూడదు. పతంజలి యోగసూత్రాల్లో అభ్యాసం గట్టిపడటానికి దీర్ఘకాలం, నైరంతర్యం, సత్కారం (అంటే శ్రద్ధ) అనే మూడు షరతులు ఉన్నాయి. వీటిలో నైరంతర్యం అంటే మధ్యలో తెంపు లేకపోవడం. దానికి రోజుకు 20 నిమిషాలైనా చాలు. శీర్షాసనం లాంటి, తలకిందులుగా చేసే విపరీత కరణులను నిద్ర కుదిరేదాకా పక్కన పెట్టాలి, అధిక రక్తపోటు, గ్లకోమా అనే కంటి జబ్బు ఉన్నవారు వాటి సంగతి మొదటిరోజే గురువుకు చెప్పాలి.

తిండి, నీళ్లు, వేడి

నిండు భోజనం తరువాత మూడు నాలుగు గంటలు, తేలికపాటి ఫలహారం తరువాత గంట, గంటన్నర గడిచాకే ఆసనాలు వేయాలన్న నియమం ఎక్కడైనా ఒకటే. కొత్త దేశంలో దీన్ని పాటించడం కష్టమవుతుంది, ఎందుకంటే అక్కడివారి భోజన వేళలు మీ తరగతి వేళలతో కుదరవు. తరగతి సాయంత్రం 5కి ఉంటే మధ్యాహ్న భోజనం 1 గంట లోపు కావాలి. మొదటి రెండు వారాలు వేడివేడిగా వండిన సాదా తిండి తినండి. కొత్త పదార్థాలను రోజుకొకటి చొప్పున రుచి చూస్తే ఏది పడలేదో తెలుస్తుంది. కడుపులో నాలుగో వంతు ఖాళీగా వదలాలని హఠయోగ ప్రదీపిక మితాహారానికి చెప్పిన లక్షణం, ఒంటరితనంలో అతిగా తినే అలవాటు ఉన్నవారికి పనికివస్తుంది.

విరేచనాలు పట్టుకుంటే లీటరు శుభ్రమైన నీటిలో ఆరు సమతల టీస్పూన్ల చక్కెర, అర టీస్పూన్ ఉప్పు కలిపి కొద్దికొద్దిగా తాగాలి, అప్పుడు ఉప్పు ఎక్కువ వేయడం ప్రమాదకరం. రక్తం పడినా, జ్వరం వచ్చినా డాక్టరు దగ్గరకు వెళ్లవలసిందే. చలిదేశం నుంచి వేడిదేశానికి వచ్చిన శరీరం వేడికి అలవాటు పడటానికి ఒకటి రెండు వారాలు తీసుకుంటుంది. అంతవరకూ తల తిరిగితే, మోకాళ్ల మీద కూర్చుని నుదురు నేలకు ఆనించే బాలాసనంలో ఆగిపోవడం ఓటమిగా అనుకోనక్కరలేదు.

బట్టలు, మ్యాట్, పాదాలు

అభ్యాసానికి మూడు జతలు చాలు, అవి త్వరగా ఆరేవై ఉండాలి. చెమట బట్టలను సంచిలో కుక్కి ఉంచకుండా తరగతి అయిన వెంటనే స్నానాల గదిలోనే ఉతికి పిండేయడం అలవాటు చేసుకుంటే వారాంతపు చాకిరీ తప్పుతుంది. కొత్త మ్యాట్ మొదట్లో జారుతుంది, తడిగుడ్డతో నాలుగైదుసార్లు తుడిచి వాడుతూ ఉంటే పట్టు వస్తుంది. సహజ రబ్బరు మ్యాట్‌ను ఎండలో వేస్తే పొడిపొడిగా రాలిపోతుంది కనుక నీడలోనే ఆరబెట్టాలి. పాఠశాలలో అందరూ వాడే మ్యాట్ మీద మీ సొంత పల్చటి గుడ్డ పరుచుకోండి. కాలివేళ్ల మధ్య తడి లేకుండా తుడుచుకోవడం మరిచిపోతే అక్కడ చర్మం చిట్లి శిలీంధ్రం పడుతుంది.

తరగతి గదిలో భాష

పాఠం ఏ భాషలో జరిగినా ఆసనాల పేర్లు చాలాచోట్ల సంస్కృతంలోనే ఉంటాయి, తెలుగు మాట్లాడేవారికి ఇది అయాచితంగా దొరికిన సౌకర్యం. అధోముఖం అంటే ముఖం కిందికి, ఊర్ధ్వం అంటే పైకి, పార్శ్వం అంటే పక్క, ఉత్థితం అంటే లేచినది, సుప్తం అంటే పడుకున్నది, పరివృత్తం అంటే మెలితిరిగినది, బద్ధం అంటే కట్టుబడినది అని మనకు విడిగా నేర్పనక్కరలేదు. ఈ ఏడు మాటలతో సగం ఆసనాల పేర్లు విప్పుకోవచ్చు. చిక్కల్లా ఉచ్చారణతోనే వస్తుంది. మొదటిరోజు గురువు పలికిన ‘శ్వానాసనం’ ఏ శ్వానమో తెలియక నేను పక్కవారిని చూసి వేశాను. దీర్ఘాలు పోయి, ఒత్తులు పోయి, ‘ఆసనం’ చివరి సున్న కూడా పోయాక మిగిలిన మాటను గుర్తుపట్టడానికి వారం పట్టింది. తోటివారి ఉచ్చారణను దిద్దాలన్న ఉబలాటాన్ని మాత్రం ఆపుకోవాలి.

స్థానిక భాషలో ముందుగా నేర్చుకోవలసినవి పలకరింపులకన్నా కుడి, ఎడమ, మోకాలు, మడమ, నడుము, ఊపిరి పీల్చు, వదులు అన్న మాటలు; వాటితోపాటు “నొప్పిగా ఉంది”, “ఇంక నొక్కకండి”, “నన్ను తాకి సరిచేయకండి” అన్న మూడు వాక్యాలు. చేత్తో తాకి సరిదిద్దే పద్ధతి ఉన్న తరగతుల్లో వద్దనే హక్కు ప్రతి విద్యార్థికీ ఉంది. ఆ మాట అన్నందుకు ముఖం మాడ్చుకునే గురువు దగ్గర, ఎంత పేరున్నవారైనా, ఎక్కువ కాలం ఉండకపోవడమే మంచిది.

నొప్పిని చదవడం

నా మూడో రోజు రాత్రి రెండింటికే మెలకువ వచ్చింది. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది, ఒంట్లో ఉత్సాహం ఉంది, ఇంత దూరం వచ్చింది ఇందుకే కదా అనుకుని తెల్లవారేదాకా ముందుకు వంగే ఆసనాలన్నీ వేసి, ఆపై తరగతికి కూడా వెళ్లాను. ఆరో రోజున కుర్చీలో కూర్చోబోతే పిరుదు కింద, ఎముక నేలకు ఆనే చోట, వేలితో చూపించగలిగినంత చిన్న బిందువులో చురుక్కుమంది. తొడ వెనుక కండరాల స్నాయువు కూర్చునే ఎముకకు అతుక్కునే చోటు అది. యోగ విద్యార్థులకు ఈ గాయం సర్వసాధారణం, దాన్ని ఇంకా సాగదీస్తే తగ్గుతుందని అందరూ అనుకుంటారు, అలా చేస్తే పెరుగుతుంది. మోకాళ్లు మడిచి మాత్రమే ముందుకు వంగుతూ, లాగడం పూర్తిగా మానేస్తే నెమ్మదిగా తగ్గుతుంది. వారాలు పట్టవచ్చు, నెలలూ పట్టవచ్చు. నాకు కోర్సు అయిపోయేదాకా తగ్గలేదు.

కొత్త అభ్యాసం వల్ల వచ్చే కండరాల నొప్పి మరునాటి నుంచి రెండు మూడు రోజుల్లో ఎక్కువై ఆపై తగ్గుతుంది, రెండు వైపులా ఉంటుంది, మొద్దుగా, కండ మొత్తానికి వ్యాపించి ఉంటుంది. ఒక వైపే, ఒకే బిందువులో, కీలు దగ్గర సూదితో పొడిచినట్టు వచ్చే నొప్పి వేరు. అది కనిపించిన క్షణాన ఆసనం నుంచి బయటికి రావాలి. పద్మాసనంలో తిరగవలసింది తుంటి కీలు, అది తిరగనప్పుడు ఆ మెలిక మోకాలి మీద పడుతుంది. మోకాలి లోపలి వైపు పట్టేసినట్టు ఉంటే అర్ధపద్మాసనం కూడా ఆ రోజుకు వద్దు. నెలసరి రోజుల్లో ఏవి మానాలన్నదానిపై పాఠశాలలకు తలా ఒక అభిప్రాయం ఉంది, మీ శరీరం మాటే ముందు వినండి.

మనుషులు, మాటలు

యోగాన్ని పాడుచేసేవి ఆరని హఠయోగ ప్రదీపిక అంటుంది: అత్యాహారం, ప్రయాస, ప్రజల్పం, నియమాగ్రహం, జనసంగం, లౌల్యం. అతిగా తినడం, ఒంటికి మించి శ్రమించడం, వాగుడు, నియమాల మీద మొండిపట్టు, మనుషుల మూకలో పడి తిరగడం, నిలకడలేమి అన్నమాట. కొత్త దేశంలో మొదటి నెలలో ఈ ఆరూ వరుసగా ఎదురవుతాయి. తిండి, శ్రమ సంగతి పైన చెప్పాను. నియమాగ్రహానికి, ఆ గ్రంథంపై ఉన్న జ్యోత్స్న అనే వ్యాఖ్యానంలో తెల్లవారుజామున చన్నీటి స్నానం, రాత్రి మాత్రమే భోజనం, పండ్లు మాత్రమే తినడం లాంటి ఉదాహరణలు ఉన్నాయి. గడ్డకట్టే చలిలో చన్నీటి స్నానం చేసి జలుబుతో మంచం పట్టిన సహాధ్యాయులను చూశాక ఆ వ్యాఖ్యాత ఎంత లోకం చూసినవాడో అనిపించింది.

అందరూ పరాయివాళ్లే అయిన చోట స్నేహాలు రెండు రోజుల్లోనే అల్లుకుంటాయి, తరగతి అయ్యాక టీ దుకాణంలో మొదలైన మాటలు రాత్రి పదకొండుకు తెగుతాయి, పొద్దున సగం తరగతి ఆవులిస్తూ ఉంటుంది. పూర్తిగా ముడుచుకుని కూర్చోమని నా ఉద్దేశం కాదు. ఒంట్లో బాగాలేనప్పుడు మందు తెచ్చిపెట్టే మనిషి ఒకరు, ఆ దేశపు భాష తెలిసినవారు ఒకరు, అత్యవసరంలో మీ ఇంటివారికి ఫోన్ చేయగలవారు ఒకరు ఉంటే సరిపోతుంది. ఆ ముగ్గురి దగ్గరా మీ ఇంటి నెంబరూ, మీ దగ్గర వారి నెంబర్లూ కాగితం మీద ఉండాలి, ఫోన్‌లో ఉంటే చాలదు. అంబులెన్సు నెంబరు దేశానికొకటి ఉంటుంది కాబట్టి దాన్నీ అదే కాగితం మీద రాసి తలుపు వెనుక అంటించండి.

ఇంటి మీద బెంగ మొదటి వారంలో రాదు, కొత్తదనం అరిగిపోయిన మూడో వారంలో వస్తుంది. కొందరికి అది శవాసనంలో కారణం తెలియని కన్నీళ్లుగా వస్తుంది. అక్కడ ఎవరూ వింతగా చూడరు, తుడుచుకుని లేవవచ్చు. ఇంటికి ఎప్పుడు పడితే అప్పుడు ఫోన్ చేయడంకన్నా, వారానికి రెండు నిర్ణీత వేళలు పెట్టుకుంటే ఇటు మీకూ, వేళల తేడా లెక్క కట్టలేక ఎదురుచూసే అటువారికీ నెమ్మదిగా ఉంటుంది. నిద్రా ఆకలీ రెండూ పోయి రెండు వారాలు దాటితే, దాన్ని సాధనలో వచ్చే దశగా సర్దిచెప్పుకోకుండా డాక్టరును కలవాలి. శ్వాసను ఎక్కువసేపు బంధించే ప్రాణాయామాలను ఆ రోజుల్లో ఆపేయాలి.

సెలవు రోజు

వారానికి ఒక సెలవు ఉంటుంది, దాన్ని అభ్యాసానికి వాడకండి. పొద్దున ఆలస్యంగా లేచి, పక్కదుప్పట్లు ఉతికి, వారానికి సరిపడా సరుకులు తెచ్చుకుని, అద్దె, ఫోన్, వీసా తేదీలను ఒకసారి చూసుకుని, మధ్యాహ్నం నుంచి ఊరు చూడటానికి వెళ్లవచ్చు. వీసా పొడిగింపు అవసరమైతే గడువుకు నెల ముందే ఆ పని మొదలుపెట్టాలి, ఎందుకంటే కార్యాలయాలు తెరిచి ఉండే వేళల్లోనే మీ తరగతులూ ఉంటాయి, ఒక సంతకం కోసం మూడు పూటలు పోతాయి. ఆ రోజు రాత్రి ఒక నోటు పుస్తకంలో వారంలో నేర్చుకున్న కొత్త సూచనలు, ఎక్కడ నొప్పి వచ్చింది, ఏ రాత్రి నిద్ర పట్టలేదు అన్న మూడు విషయాలు రాసుకోండి. నాలుగు వారాలకు తిరగేస్తే నొప్పి వచ్చిన రోజుకు ముందు రాత్రి నిద్ర పట్టకపోవడం చాలాసార్లు కనిపిస్తుంది. నా పుస్తకంలో ఐదు సార్లలో నాలుగు సార్లు అలాగే ఉంది.

తిరుగు ప్రయాణానికి పది రోజుల ముందే గురువును అడిగి, ఇంటి దగ్గర ఒంటరిగా చేసుకోగలిగిన 40 నిమిషాల క్రమాన్ని కాగితం మీద రాయించుకుని, దాన్ని ఆయన ఎదుటే రెండుసార్లు చేసి చూపించండి. పాఠశాలలో చేసిన రెండు గంటల అభ్యాసం ఇంట్లో మొదటి వారమే చెదిరిపోతుంది, ఆ 40 నిమిషాలు నిలుస్తాయి. ధ్రువపత్రం మీద మీ పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉందో లేదో అక్కడ ఉండగానే చూసుకోండి. మ్యాట్‌ను ఉతికి, పూర్తిగా ఆరాకే చుట్టి పెట్టెలో పెట్టుకోవాలి.